మినరల్ మిక్చర్ మానేసి బ్యాక్టీరియా పొడి వేయొచ్చా? – పశుపోషకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ సందేశాల్లో చాలావరకు ఒకే విషయం గురించి ఉన్నాయి. మేలు చేసే బ్యాక్టీరియా పేరుతో పల్లెపల్లెకూ వస్తున్న పొడులు, ద్రావణాలు వేస్తే దాణాలోని జింకు, రాగి, భాస్వరం లాంటివి పశువుకు బాగా పడతాయా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: నాకు నాలుగు ముర్రా గేదెలు ఉన్నాయి. అందులో ఒకటి ఈని ఆరు నెలలైనా ఎదకు రాలేదు, గోడలు నాకుతోంది, దొరికితే గుడ్డపేలికలు కూడా నములుతోంది. మొన్న మందుల ఏజెంటు ఒకాయన వచ్చి "మేతలో ఉన్న ఖనిజాలన్నీ మా పొడిలోని బ్యాక్టీరియానే బయటికి లాగుతుంది, ఇక మినరల్ మిక్చర్ దండగ" అన్నాడు. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు డాక్టరు గారూ? – పాడి రైతు, బాపట్ల జిల్లా

జవాబు: మీ ఆవిడ మాట వినండి. మినరల్ మిక్చర్ ఆపొద్దు.

ఏ బ్యాక్టీరియా అయినా జింకును పుట్టించలేదు, రాగినీ పుట్టించలేదు. మీ వరిగడ్డిలో లేనిది అది ఎక్కడి నుంచి తెస్తుంది చెప్పండి? మేతలో ఉన్నదాన్ని విడదీయగలదు, లేదా ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చగలదు. దాని శక్తి అంతవరకే. ఆ పని మీ గేదె పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, రాత్రీ పగలూ జరుగుతూనే ఉంది. అక్కడి ద్రవం ఒక్క మిల్లీలీటరులో దాదాపు వెయ్యి కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. పొట్ట మొత్తం కలిపితే కొన్ని పదుల లీటర్ల ద్రవం. అంత సైన్యం ఉన్నచోట చెంచాడు పొడితో కొత్తగా వచ్చేవి ఎన్నో మీరే ఊహించుకోండి.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు ఆస్ట్రేలియా గొర్రెలది. అక్కడ కొన్ని తీరప్రాంతాల్లో పచ్చిక బాగానే ఉన్నా గొర్రెలు, పశువులు మేత మాని, చిక్కిపోయి చనిపోయేవి. ఇనుము లోపమేమోనని ఇనుప ఖనిజం పొడి పెడితే కొన్ని కోలుకున్నాయి, కానీ బాగు చేసింది ఇనుము కాదని, ఆ ఖనిజంలో మలినంగా ఉన్న కోబాల్ట్ అని 1935లో తేలింది. ఇంకో విచిత్రం, కోబాల్ట్‌ను నోటి ద్వారా ఇస్తే గొర్రె కోలుకునేది, సూదితో రక్తంలోకి ఎక్కిస్తే పెద్దగా ఫలితం ఉండేది కాదు. కారణం 1948లో బి12 విటమిన్‌ను వేరు చేశాక అర్థమైంది: పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా కోబాల్ట్‌ను వాడుకుని బి12 తయారు చేస్తాయి, గొర్రెకు కావలసింది ఆ బి12. కాబట్టి బ్యాక్టీరియా ఎంత గొప్పదైనా దానికి కోబాల్ట్ మనమే అందించాలి. గేదెకు రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు, కానీ ఆ కాస్తా మేతలో లేకపోతే బ్యాక్టీరియా బి12 తయారు చేయలేదు.

ఇక మీ గేదె సంగతి. గోడలు నాకడం, గుడ్డలు నమలడం సాధారణంగా భాస్వరం లోపానికి గుర్తు. ఉప్పు చాలకపోయినా, కడుపులో నట్టలు ఉన్నా అలాగే చేస్తుంది. ముందు పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాగించండి. పాలిచ్చే గేదెకు రోజుకు కనీసం 100 గ్రాముల మినరల్ మిక్చర్, పాలు ఎక్కువైతే 200 గ్రాముల దాకా, దానికి తోడు 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి. సంచి మీద ఐఎస్ 1664 గుర్తు (పశువుల మినరల్ మిక్చర్‌కు భారతీయ ప్రమాణం) ఉందో లేదో చూసి కొనండి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఒక్కో ప్రాంతంలో మేతలను పరీక్షించి ఆ ప్రాంతానికి తగిన మిశ్రమాలను రూపొందించింది, మీ పాల సంఘంలో దొరికితే అదే తీసుకోండి. ఎదకు రాకపోవడానికి గర్భసంచిలో చీము, గుర్తించని మూగ ఎద లాంటి కారణాలు కూడా ఉంటాయి, కాబట్టి డాక్టరుతో చెయ్యి పెట్టించి పరీక్ష చేయించకుండా ఖనిజాల మీదే భారం వేయకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చూడి చివర్లో గానీ ఈనిన కొద్ది వారాల్లో గానీ మూత్రం ముదురు ఎరుపు రంగులో వస్తే అది ప్రాణం మీదికి వచ్చే భాస్వరం లోపం, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

బ్యాక్టీరియా పొడి ఎప్పుడూ పనికిరాదని నేను అనడం లేదు. నోటి ద్వారా యాంటీబయాటిక్ వాడాక, మేత ఒక్కసారిగా మార్చినప్పుడు, పశువు నెమరు వేయడం మానేసినప్పుడు ఉపయోగపడొచ్చు. అలాంటప్పుడు ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్ద పొట్ట ద్రవాన్ని తీసి, వడకట్టి తాగించడం డాక్టర్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని, చాలాసార్లు దాన్ని మించింది లేదు.

ప్రశ్న: నాటు కోళ్లు పెంచుతున్నాను. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు కలిపి దాణా నేనే తయారు చేస్తాను. కొన్ని పిల్లలకు కాలు పక్కకు తిరిగిపోతోంది. ఒకాయన ఫైటేజ్ కలపమన్నాడు, ఇంకొకాయన దాణా పులియబెట్టి పెట్టమన్నాడు. ఫైటేజ్ ఈ.కోలై అనే బ్యాక్టీరియా నుంచి తీస్తారట కదా, ఆ గుడ్లు తింటే ప్రమాదమా? – సిద్దిపేట జిల్లా

జవాబు: గేదె విషయంలో ఒద్దన్న నేనే మీకు మాత్రం తప్పకుండా ప్రయత్నించమంటున్నాను, ఎందుకంటే కోడికి పెద్ద పొట్ట లేదు.

గింజల్లో, చెక్కల్లో ఉండే భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే రూపంలో ఉంటుంది. గాదెలో ధాన్యం ఉండి తాళంచెవి పక్క ఊళ్లో ఉన్నట్టు, అది కోడి కడుపులోకి వెళ్లినా ఒంటికి పట్టదు. పైగా ఆ ఫైటేట్ ఊరికే ఉండదు, పేగుల్లో జింకును, మాంగనీసును, ఇనుమును, కాల్షియాన్ని పట్టుకుని తనతో పాటే రెట్టలోకి తీసుకుపోతుంది. అన్నిటికంటే గట్టిగా పట్టుకునేవాటిలో జింకు ఒకటి. మీరు వాడే తవుడులో భాస్వరం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, అందులో చాలా ఎక్కువ భాగం ఈ రూపంలోనే. పశువుల పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా ఫైటేట్‌ను విడగొట్టేస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. కోడికి, పందికి ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైమ్ చాలినంత ఉండదు.

ఆ ఎంజైమే ఫైటేజ్. అది బ్యాక్టీరియా కాదు, సూక్ష్మజీవులు తయారు చేసే ప్రోటీన్. 1991లో మొదట మార్కెట్లోకి వచ్చింది ఒక రకం బూజు నుంచి తీసినది. తర్వాత ఈ.కోలై జన్యువును ఈస్ట్‌లో పెట్టి తయారు చేసినవి వచ్చాయి, కోడి కడుపులోని ఆమ్లంలో ఇవి ఇంకా బాగా పని చేస్తాయి. సంచిలో ఉండేది ఎంజైమ్ మాత్రమే, రోగం తెచ్చే ఈ.కోలై కాదు. గుడ్లు నిశ్చింతగా తినొచ్చు.

మోతాదు మామూలుగా కిలో దాణాకు 500 యూనిట్లు. గ్రాముకు 5000 యూనిట్లు ఉన్న పొడి అయితే టన్నుకు 100 గ్రాములు, అంటే మీరు క్వింటా దాణా కలిపితే 10 గ్రాములు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. 10 గ్రాముల పొడిని క్వింటా కుప్ప మీద చల్లి పారతో నాలుగు తిప్పులు తిప్పితే సగం కోళ్లకు అస్సలు అందదు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపండి, ఆ కిలోను పది కిలోల్లో, ఆ పదిని మొత్తంలో. మినరల్ పొడి కూడా అలాగే. సున్నపురాయి పొడి ఎక్కువైతే ఫైటేజ్ సరిగా పని చేయదు, గుడ్లు పెట్టని పిల్లలకు లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే, సున్నం ఎక్కువున్న దాణా) పెట్టకూడదని చెప్పేది అందుకు కూడా.

కాలు పక్కకు తిరగడం గురించి: మోకాటి దగ్గర కీలు ఉబ్బి, వెనకాల నరం, అంటే స్నాయువు, జారిపోతే అది ఎక్కువగా మాంగనీసు లోపం. కోలిన్, బయోటిన్ చాలకపోయినా వస్తుంది. ఒకసారి జారిన నరం మళ్లీ చోటుకు రాదు, ఆ పిల్లలకు ఏ మందు వేసినా డబ్బు దండగ. కానీ మిగతావాటిని కాపాడుకోవచ్చు. కోళ్ల మినరల్ మిక్చర్, విటమిన్లు వెంటనే సరిచూసుకోండి. పశువుల మినరల్ మిక్చర్ కోళ్లకు వేయకండి, కోడికి మాంగనీసు చాలా ఎక్కువ కావాలి.

పులియబెట్టడం కూడా మంచిదే. దాణా మునిగేంత నీళ్లు పోసి, రెండు చెంచాల పెరుగు, పిడికెడు గోధుమ పొట్టు కలిపి, మూత పెట్టి నీడలో ఒక రోజు ఉంచండి. గోధుమ పొట్టు ఎందుకంటే అందులో సహజంగానే ఫైటేజ్ బాగా ఉంటుంది, మొక్కజొన్నలో, తవుడులో తక్కువ. పెరుగులోని బ్యాక్టీరియా పులుపు పెంచితే ఆ ఫైటేజ్ హాయిగా పని చేస్తుంది. కమ్మటి పుల్లని వాసన రావాలి. కుళ్లు వాసన వచ్చినా, పైన ఆకుపచ్చ, నల్ల బూజు కనిపించినా పారబోయండి. పెట్టింది ఆ పూటే అయిపోవాలి. ఒక హెచ్చరిక, బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషం ఇలా పులియబెడితే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రశ్న: మా అత్తగారు బియ్యం కడుగు, గంజి, తవుడు, చెక్క కలిపి రాత్రంతా నానబెట్టి పొద్దున ఆవుకు కుడితి పెడతారు. పుల్లటి వాసన వస్తుంది. మా అబ్బాయి అది ఆవుకు మంచిది కాదంటున్నాడు. – గృహిణి, కోనసీమ

జవాబు: ఒక్క రాత్రి నానితే ఏమీ కాదమ్మా, ఆవు ఇష్టంగా తాగుతుంది, నీళ్లు ఎక్కువ తాగితే పాలకూ మంచిది. ఖనిజాలు అదనంగా పడతాయని మాత్రం చెప్పలేను, ఆ పని ఆవు పొట్టే చేసుకుంటుంది. మీ అబ్బాయి భయం దేని గురించో నాకు తెలుసు. గంజి, మిగిలిన అన్నం ఎక్కువైతే పెద్ద పొట్టలో లాక్టిక్ ఆసిడ్ చేసే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిపోతుంది, పెరుగులో మేలు చేసే అదే జాతి బ్యాక్టీరియా అక్కడ అదుపు తప్పితే పశువు పడిపోతుంది. పెళ్లిళ్ల సీజన్లో మిగిలిన అన్నం పెట్టి పశువును పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కుడితిలో అన్నం వేయకండి, వేస్తే పిడికెడుకు మించొద్దు. తొట్టి అడుగున పేరుకున్న జిగటను రోజూ చీపురుతో గీకి కడగమని అత్తగారికి చెప్పండి.

ప్రశ్న: మా గేదెల నల్లటి వెంట్రుకలు ఎర్రబడుతున్నాయి. బోరు నీళ్లే తాగిస్తాం. ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా మందు) వాడితే రంగు తిరిగి వస్తుందా? – నల్గొండ జిల్లా

జవాబు: రాదు. మీరు చెప్పిన లక్షణం రాగి లోపానిది, ఇందులో బ్యాక్టీరియా పాత్ర తిరగబడుతుంది. నీళ్లలో, మేతలో గంధకం ఎక్కువైతే పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి. మేతలో మాలిబ్డినం అనే ఖనిజం కూడా ఉంటే రెండూ కలిసి రాగిని కట్టిపడేస్తాయి, మేతలో రాగి ఉన్నా పశువుకు అందదు. క్షార నేలల్లో పెరిగిన జొన్న మాలిబ్డినాన్ని ఎక్కువ లాగుతుంది. మీ జిల్లా ఫ్లోరైడ్ గ్రామాల్లో మనుషులకు మోకాళ్లు లోపలికి వంగిపోవడం మీద 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనలో కూడా ఈ మాలిబ్డినం, రాగి సంబంధం చర్చకు వచ్చింది. నీటి నమూనా, రక్త నమూనా పరీక్షకు పంపండి. రాగి మందు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి, అదే కొట్టంలో గొర్రెలు ఉంటే వాటికి అసలు అందకూడదు, గొర్రె రాగిని తట్టుకోలేదు, కాలేయంలో పేరుకుని హఠాత్తుగా చంపేస్తుంది.

ప్రశ్న: పేపరు మిల్లు కోసం వేసిన సుబాబుల్ తోట ఉంది. ఆ ఆకు మేపితే కొత్తగా కొన్న గొర్రెలకు ఉన్ని రాలిపోతోంది, పాత మేకలకు ఏమీ కావడం లేదు. ఎందుకని? – ప్రకాశం జిల్లా

జవాబు: చాలా మంచి విషయం గమనించారు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషం ఉంది, ఉన్ని రాలేది దాని వల్లే. పొట్టలో అది ఇంకో పదార్థంగా మారి, థైరాయిడ్ గ్రంథిని అయోడిన్ వాడుకోనివ్వకుండా అడ్డుపడుతుంది, గొంతు దగ్గర గడ్డ వస్తుంది. ఆస్ట్రేలియాలో పశువులకు ఇలా గాయిటర్ వచ్చేది, హవాయిలో సుబాబుల్ మీదే బతికే మేకలకు వచ్చేది కాదు. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్తకు తేడా వాటి పొట్టల్లోని బ్యాక్టీరియాలో ఉందేమోనని అనుమానం వచ్చి, 1980ల్లో ఆ మేకల పొట్ట ద్రవాన్ని ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించారు, విషం విరిగిపోయింది. కొన్నిటికి ఎక్కిస్తే మందలో మిగతావాటికి కూడా అదే పాకింది. 1992లో ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరు కలిసేలా సినర్జిస్టెస్ జోన్సీ అని పెట్టారు. బ్యాక్టీరియాతో ఒక ఖనిజం పశువుకు దక్కిన కథల్లో ఇంత చక్కనిది నాకు ఇంకోటి కనిపించలేదు, అందులోనూ ఇది ఒకసారి ఇస్తే మందలో నిలిచిపోయే వైద్యం.

మీ పాత మేకల్లో అలాంటి బ్యాక్టీరియా ఉండి ఉండొచ్చు. కొత్త గొర్రెలను వాటితో కలిపి ఒకే తొట్టిలో నీళ్లు తాగనివ్వండి. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఇప్పటికే ఉన్ని రాలుతున్నవాటికి కొన్ని వారాలు పూర్తిగా మానిపించండి. గొంతు దగ్గర వాపు ఉందేమో తడిమి చూడండి.

ప్రశ్న: సెలీనియం అనే ఖనిజాన్ని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాతో వేరే రూపంలోకి మార్చి దాణాలో కలపడంపై చదివాను. ఈస్ట్ సెలీనియం కన్నా మేలా? – పశువైద్య విద్యార్థి, తిరుపతి

జవాబు: ల్యాబులో ఒకసారి కళ్లారా చూడండి. సోడియం సెలినైట్ అనే సెలీనియం లవణం కలిపిన ద్రావణంలో ఈ బ్యాక్టీరియాను పెంచితే తెల్లగా ఉన్న ఫ్లాస్కు మెల్లగా గులాబీ రంగుకు, తర్వాత ఎర్రగా తిరుగుతుంది. కరిగి ఉన్న సెలినైట్‌ను అవి సన్నటి సెలీనియం రేణువులుగా మార్చేశాయన్నమాట. విషగుణం సెలినైట్ కంటే తక్కువ, అందుకే కోళ్లలో దీని మీద ఆసక్తి పెరుగుతోంది. ఈస్ట్‌లో మాత్రం సెలీనియం ఎక్కువగా సెలెనోమిథియోనిన్‌గా ఉంటుంది, అది పాలలోకి, గుడ్డులోకి బాగా చేరుతుంది. పశువులకు నా ఓటు ఇప్పటికి ఈస్ట్‌కే, ఎందుకంటే పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా మామూలు సెలినైట్‌లో కొంత భాగాన్ని ఇలాగే కరగని రేణువులుగా మార్చి పేడలోకి పంపేస్తాయి.

ఏ రూపమైనా జాగ్రత్త తప్పదు. 1957 దాకా సెలీనియాన్ని విషంగానే చూశారు, ఆ ఏడాది ఎలుకల మీద ప్రయోగాల్లో అది అవసరమని తేలింది. అమెరికాలో కిలో దాణాకు 0.3 మిల్లీగ్రాములు మించి కలపకూడదని నిబంధన. మన దేశంలోనే పంజాబ్‌లో హోషియార్‌పూర్, నవాన్‌షహర్ వైపు కొన్ని ఊళ్ల నేలలో సెలీనియం ఎక్కువై పశువుల గిట్టలు ఊడిపోయాయి.

ప్రశ్న: సైలేజ్‌లో (పాతర వేసిన పచ్చిమేతలో) కలిపే బ్యాక్టీరియా వల్ల ఖనిజాలు పెరుగుతాయా? – చిత్తూరు జిల్లా

జవాబు: పెరగవు. మేత త్వరగా పులిసి, పాడవకుండా నిలుస్తుంది, దాని ఉపయోగం అదే. గడ్డిని బాగా తొక్కి గాలి చొరకుండా కప్పడం ముఖ్యం, అది సరిగా చేయకపోతే ఏ ప్యాకెట్ వేసినా ఒకటే.

ప్రశ్న: పశుగ్రాసం చేలో జింకును కరిగించే బ్యాక్టీరియా వేస్తే గడ్డిలోనే జింకు పెరిగి, దాణాలో వేయక్కర్లేదంటున్నారు. నిజమా? – ఖమ్మం జిల్లా

జవాబు: నేలలో జింకు ఉండి, మొక్కకు అందకుండా గట్టిపడిపోయిన చోట ఈ బ్యాక్టీరియా కొంత కరిగించి ఇస్తుంది. నేలలోనే లేకపోతే కరిగించడానికి ఏమీ ఉండదు. భూసార పరీక్షలో లోపం తేలితే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, బ్యాక్టీరియాను పశువుల ఎరువులో కలిపి తర్వాత విడిగా చల్లుకోండి. పశువుకు మినరల్ మిక్చర్ మాత్రం మామూలుగానే కొనసాగించండి. జింక్ సల్ఫేట్‌ను భాస్వరం ఎరువైన డీఏపీతో కలిపి వేయకండి, భాస్వరం అక్కడ కూడా జింకును కట్టేస్తుంది, రెండింటి మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.